అందరికీ ఆకు పడ్డదా

మా ఇంగ్లీషు సారు పోయారని పొద్దున్నే కేసముద్రం నుంచి ఫోన్ వచ్చింది. నేను మహబూబాబాద్ దగ్గర పట్టాల మీద డ్యూటీలో ఉన్నాను. చేతిలోని సుత్తి కింద పెట్టి కంకర మీదే కూలబడ్డాను. "సొంతోళ్లా?" అని మేస్త్రీ అడిగాడు. అవునన్నాను.

తెలంగాణ ఉద్యమం నడిచే రోజుల్లో నేను కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీని. పదిలో అన్నీ గట్టెక్కినా ఇంగ్లీషు మీద నా దండయాత్రలు మాత్రం ఆగలేదు. పది పాసైతేనే రైల్వేలో గ్యాంగ్‌మన్ పరీక్షకు కూర్చోవచ్చు. లేదంటే నాయినలా నడుము పడిపోయేదాకా బస్తాలు మోయడమే. ఆయన అప్పటికే మంచం పట్టాడు.

సమ్మెతో యార్డు బంద్, బడి బంద్. రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. బంతి కూర్చోగానే ఒక సేటు "ఓ హమాలీ, ఆకులెయ్యి" అని కేకేశాడు. సమ్మెలో ఉన్న బడి ఇంగ్లీషు సారు అక్కడే నీళ్లు పోస్తూ తలెత్తి చూశారు.

"నీ పేరేంది బేటా?"

"యాకయ్య, సార్."

"నడుముల చెక్కుకున్న ఆ పుస్తకమేంది?"

ఇంగ్లీషు గైడు తీసి చూపించాను. ఆకులు వేయడం అయ్యాక, "అందరికీ ఆకున్నది. ఇంగ్లీషుల చెప్పు" అన్నారు.

"ఎవ్రీబడీ హ్యావ్ ఎ లీఫ్" అన్నాను. అందరూ అంటే మంది కదా మరి!

సారు నవ్వలేదు. "నడువు. ఒక్కొక్కల ముందట ఆగి సూడు" అని బంతి వెంట తిప్పారు. చిట్టచివర ఒక ముసలామె ముందు ఆకు లేదు. పాపం, అడగకుండా కూర్చుంది.

"ఎవరో ఒకామెకు పడలేదు సార్."

"ఎవరో అనేది పేరు తెల్వనప్పుడు. ఎదురుంగనే ఉన్నది గద, పేరడుగు" అన్నారు. నేను అడిగి ఆకు వేశాక మెల్లగా చెప్పారు. "ఎవ్రీబడీ అంటే గుంపు గాదు బేటా. ఒక్కొక్కల మొకం జూసి అనే మాట. గందుకే దానెన్క హ్యాజ్ వస్తది."

ఆ రోజు నుంచి సమ్మె శిబిరం టెంటు కిందే నా చదువు. సారుకు కోపం ముక్కు మీదే ఉండేది. 'నోబడీ డిడ్ నాట్ కమ్' అని రాస్తే, "అరె, ఒక్కపారి లేదన్నవు, సాలదా? మల్ల లేదంటే అందరు వచ్చినట్టేనాయె!" అని కసిరారు. అన్నం వేళకు మాత్రం బంతి అంతా తిరిగి చూశాకే తాను ఆకు ముందు కూర్చునేవారు.

శిబిరం పెద్దాయన ఒకరోజు అడ్డుపడ్డాడు. "సమ్మెల ఉండి పాఠం చెప్పుడేంది సార్? మాటొస్తది."

"బడిల చెప్తలేను గదనే. గీ పోరడు హమాలీగనే ఉండిపోతే తెలంగాణ ఎవరికి తెస్తున్నం?" అని సారు చాప దులిపి మళ్లీ కూర్చున్నారు.

అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. రైల్వేలో చేరాక చొక్కా గుడ్డ పట్టుకుపోతే, "నాయినకు తీసుకున్నవా?" అని ముందు అదే అడిగారు. తీసుకున్నానని చెప్పాకే అందుకున్నారు. ఈ తిండీ ఈ బతుకూ ఆయన పెట్టినవే.

మధ్యాహ్నం ఖబరస్తాన్‌కు చేరాను. మట్టి వేసే వేళ జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. "ఒక్కొక్కలు రండన్నా, అందరికి అందుతది" అన్నాడు సారు కొడుకు. అచ్చం ఆ గొంతే. నాకు ఏడుపు ఆగలేదు. నా పిడికెడు మట్టి వేసి పక్కకు జరిగాను.

జనం పలచబడుతున్నారు. గోడ దగ్గర ఒక ముసలాయన చెప్పులు చేత పట్టుకుని, ముందుకు రావాలో వద్దో తెలియక నిలబడి ఉన్నాడు. ఆయనను ఎవరూ చూడలేదు. దగ్గరికి వెళ్లాను.

"నీ పేరేంది బాపూ?" అని అడిగి, చేయి పట్టుకుని సారు దగ్గరికి తీసుకొచ్చాను.