ఒక్క బేసు దెబ్బకి ఎన్ని పిక్కలు

డెబ్బైల్లో బెజవాడలో ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడతారంటే మా గన్నవరంలో నమ్మేవాళ్ళు కాదు. నేను ఆడాను. బాగానే ఆడాను. నాకంటే బాగా ఆడేది ఇంకొకతె మా కాలేజీలోనే ఉండటం నా ఖర్మ.

ఆ అమ్మాయిది హనుమాన్ జంక్షన్. వాళ్ళ నాన్నకి రోడ్డు పక్కన లారీలకి పంక్చర్లు వేసే షెడ్డు ఉండేది. చిన్నప్పటి నుంచీ ఆ టైర్లు దొర్లించిన చేతులు కాబోలు, బ్యాటుకి తగిలిందంటే బంతి గోడ అవతల రిక్షాల మధ్య పడేది. ఇక మైదానంలో నాలుగు మూలలా ఉండే బేసులన్నీ చుట్టి, ఆదివారం చర్చికి వెళ్తున్నంత తాపీగా బయల్దేరిన చోటికి వచ్చేది. అలా చుట్టి వస్తేనే పరుగు. గేదె పెరుగు తిని పెరిగిన నేను కొడితే బంతి దగ్గర్లోనే గడ్డిలో ఆగేది. మొదటి బేసు దాకా పోయి నిలబడేదాన్ని. నాకు కళ్ళు కుట్టేవి. అబద్ధమెందుకు, ఆమె జడ చూసినా కుట్టేవి.

ఆ ఏడు యూనివర్సిటీ జట్టుకి మా కాలేజీ నుంచి ఒక్కరినే తీసుకుంటామన్నారు. మా గేమ్స్ మేడమ్ ప్రాక్టీసు ఆటల్లో ఒక్కొక్కరికీ ఒక గ్లాసు పెట్టి, చింతపిక్కలతో లెక్క పెట్టేవారు. కొట్టిన పిల్లని ఒక బేసు దాకా చేర్చే దెబ్బకి ఒక పిక్క, రెండు బేసులకి రెండు, మూడింటికి మూడు, ఒక్క దెబ్బకే మొత్తం చుట్టి వచ్చే హోమ్ రన్‌కి నాలుగు. ఎవరి గ్లాసులో ఎక్కువ పిక్కలుంటే వాళ్ళే వెళ్తారు. ఆమె గ్లాసు నిండుతుంటే నా ఒళ్ళు మండేది.

నేను లెక్కల గ్రూపు. కడుపు మంటకి లెక్కలు కూడా తోడైతే ఊరుకోగలనా? మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"బేసులు లెక్కపెడితే ఎలాగండీ? గెలిపించేది పరుగులు కదా. బేసులన్నీ ఖాళీగా ఉన్నప్పుడు హోమ్ రన్ కొట్టినా వచ్చేది ఒక్క పరుగే. దానికి నాలుగు పిక్కలేంటండీ?"

"మరి ఎన్ని వెయ్యమంటావమ్మా?"

"ఏ దెబ్బ వల్ల ఎన్ని పరుగులొస్తే అన్ని వెయ్యండి. కొట్టిన పిల్ల బేసు మీద ఆగి, తర్వాత చుట్టి వచ్చినా సరే, ఆ దెబ్బకీ ఒకటి వెయ్యాలండీ."

మేడమ్ ఆలోచించి సరేనన్నారు. పక్కనే బ్యాటు తుడుచుకుంటున్న ఆ అమ్మాయి కూడా "అదే న్యాయమండీ" అంది. ఆ మంచితనానికి నాకు ఇంకాస్త మండింది.

గ్లాసులు ఖాళీ చేసి కొత్త లెక్క మొదలుపెట్టారు. ఆమె పెద్ద దెబ్బలు కొట్టినా చాలాసార్లు గాలిలోనే ఊపేది. నేను చిన్నవైనా తప్పకుండా తగిలించేదాన్ని. బేసు మీద నిలబడటం, కాసేపటికి చుట్టి రావటం, పిక్క పడటం. ఇద్దరికీ తేడా ఒకటో రెండో పిక్కలకి దిగింది. ఆలూ లేదు చూలూ లేదు, నేను పెట్టె కూడా సర్దుకున్నాను.

అప్పటిదాకా ఇద్దరం ఒకే పక్షం. నా తర్వాత బ్యాటు పట్టేది ఆమే. చివరి ఆటకి మాత్రం మేడమ్ "మీరిద్దరూ చెరో పక్క ఆడండమ్మా" అన్నారు.

కొట్టాను, మొదటి బేసు మీద నిలబడ్డాను. నా వెనక వచ్చిన అమ్మాయి క్యాచ్ ఇచ్చింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ నిలబడ్డాను. ఎండలో ఎదురుచూడటమే మిగిలింది, నన్ను కదిలించే దెబ్బ ఎవరూ కొట్టలేదు. నా గ్లాసులో ఒక్క పిక్కా పడలేదు. అవతలి పక్షంలో ఆమె మాత్రం, బేసుల మీద ఎవరున్నా లేకపోయినా, గోడ దాటించి తన పరుగు తనే తెచ్చుకుంది.

మేడమ్ ఆమె పేరే పంపారు. ఆ సాయంత్రం ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వు బేసు మీద ఉంటే నాకు కొట్టబుద్ధయ్యేదే. ఇవాళ అంతా బోసిగా ఉంది" అంది.

అన్నాళ్ళూ ఆమె దెబ్బలు చూసే ఏడ్చాను. ఇక నా దెబ్బలు చూసుకుని కూడా ఏడవాల్సి వచ్చింది, వాటికి పడిన పిక్కల్లో సగం నన్ను ఇంటికి చేర్చిన ఆమె దెబ్బలవే.