మోగే రేకు ఎంచిన మొనగాణ్ణి

మా మనవరాలికి సంబంధం కుదిరిందండీ! కుదిర్చింది నేనే. నోటితో కాదు, రేకుతో. నవ్వకండి, టీ తాగుతూ వినండి. మొన్న ఆదివారం మా ఇంట్లో జరిగింది విన్నాక మీరే ఒప్పుకుంటారు.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. మా వాడు జూనియర్ కాలేజీలో లెక్చరరు. కంకిపాడులో ఇల్లు కట్టాడు. కింద మామూలు శ్లాబు, పైన ఒక పెద్ద హాలు. ఆ హాలుకి మాత్రం శ్లాబు వద్దన్నాడు. ఏటవాలుగా రేకుల కప్పు, ముందు గోడకి కూడా రేకు తొడుగు. దాన్ని క్లాడింగ్ అంటారట.

"మోడరన్ లుక్ నాన్నా" అన్నాడు.

"లుక్కు నువ్వు చూసుకో. రేకు నేను చూసుకుంటా" అన్నాను.

రేకు గురించి నాకు ఎవరు చెప్పాలండీ? మేము కొల్లేటి చేపల వాళ్లం. ముప్పై ఏళ్లు ఐసు పెట్టెల్లో చేపలు సర్ది విజయవాడ తెచ్చి అమ్మాను. ఆ పెట్టెల లోపల కొట్టే జింకు రేకు వన్ టౌన్‌లో నేనే స్వయంగా ఎంచి తెచ్చుకునేవాణ్ణి. రేకు మీద అచ్చు వేసిన అక్షరాలు చదివి కాదు, అప్పటికి నాకు చదువు రాదు. రాత్రి బడికి పోయి పలక పట్టింది యాభై దాటాకే. వేలికి ఈ రాగి ఉంగరం ఉంది చూడండి, దీంతో కొట్టి చూసేవాణ్ణి. పాడైన రేకు బొంగురుగా పలుకుతుంది. గట్టి రేకు గంటలా పలుకుతుంది. చేపల రేవులో అందరం అలాగే ఎంచేవాళ్లం. నా పెట్టె ఒక్కటీ కారలేదు. అదీ నా అనుభవం!

ఇంజనీరు పద్మజ గారని ఒక అమ్మాయి. మంచి పిల్ల, చదువుకున్న పిల్ల. ఆవిడతో కలిసి ఆటోనగర్‌లో రేకుల షాపుకి వెళ్లాం. ఆవిడ తిన్నగా ఒక మందపాటి పలక దగ్గరికి తీసుకెళ్లింది.

"తాతగారూ, ఇది మీ హాలుకి బాగుంటుంది. రెండు రేకుల మధ్య ఫోమ్ నింపుతారు. ఎండ దిగదు, చప్పుడు రాదు."

ఉంగరంతో కొట్టాను. డబ్! పుచ్చిన గుమ్మడికాయలా పలికింది.

"ఇది లోపల పోయింది" అన్నాను.

"పోలేదండీ, నిండుగా ఉంది. అందుకే మోగదు. మోగకపోవడమే దాని గొప్ప."

"మోగని గంట గుళ్లో కడతారా అమ్మా?"

"మనం కట్టేది గుడి కాదు కదండీ."

జవాబు బాగానే చెప్పింది. కానీ నేను అప్పటికే పక్క వరసలోకి వెళ్లిపోయాను. అక్కడ రకరకాల ఒంటి రేకులు నమూనాకి నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ కొడుతూ పోయాను. షాపాయన నా వెనకే నడుస్తూ, "పెద్దాయనకి సరుకు తెలుసండీ" అంటున్నాడు. ఆ మాట నాకు బాగా ఎక్కింది. పదమూడు రేకులు కొట్టాను. పద్నాలుగోది ఖంగుమంది! పక్క షెడ్డులో లారీ కింద పడుకుని పని చేసుకుంటున్న మెకానిక్ తల బయటికి పెట్టి చూశాడు.

"ఇదీ రేకంటే!" అన్నాను.

పద్మజ గారు మా వాడి వైపు చూసింది. మా వాడు షాపు కప్పు వైపు చూశాడు. వాడికి నా సంగతి తెలుసు.

"పోనీ ఇదే వేద్దాం తాతగారూ. చప్పుడు దిగకుండా కింద గ్లాస్ ఊల్ పరుపు పరిచి సీలింగ్ బోర్డు వేయిస్తాను" అంది.

"ఇంటికి జ్వరమొచ్చిందా అమ్మా, దుప్పటి కప్పడానికి?"

"వానాకాలంలో నన్ను తలుచుకుంటారండీ" అంది. ఆ మాట అప్పుడు నాకు దీవెనలా వినిపించింది.

ముందు గోడ రేకుకి రంగు మాత్రం ఆవిడకే వదిలేశాను. నాకు తళతళలాడేది కావాలని ఉంది. అది రోడ్డు మీద బండి నడిపే వాళ్ల కళ్లలో కొడుతుందని చెప్పి, నిలువు గీతల బూడిద రంగు తీసుకుంది. సరే, మోత నాది, రంగు ఆవిడది. ఇల్లు పూర్తయ్యాక ఎదురింటాయన వచ్చి, "కోల్డ్ స్టోరేజీ ఓపెనింగ్ ఎప్పుడండీ?" అన్నాడు. ఆ తప్పు నా ఖాతాలో వేయకండి. అది రంగు తప్పు.

గృహప్రవేశం ఎండాకాలంలో అయిపోయింది. ఆషాఢంలో నాలుగు చినుకులు పడ్డాయి. చాటలో మినుములు పోసినట్టు ఎంత బాగుందో! "విన్నావా?" అని మా వాణ్ణి పిలిచి మరీ వినిపించాను.

ఇక పెళ్లిచూపుల సంగతి. మా మనవరాలు సుజాత విజయవాడలో ఒక స్కూల్లో టీచరు. అదే స్కూల్లో లెక్కలు చెప్పే అబ్బాయి, పేరు మురళి. ఇద్దరికీ ఇష్టమే. అబ్బాయి తండ్రి రిటైరైన హెడ్మాస్టరు గారు. పెద్దవాళ్లు వచ్చి, చూసి, సరేనంటే అయిపోతుంది. అంత సులువు. కానీ మా ఇంట్లో నేనున్నాను కదా.

ఇంతకుముందు రెండు సంబంధాలు చెడిపోయాయి. రెండూ నా నోటి వల్లేనని మా కోడలు రత్నం అంటుంది. మీరే చెప్పండి. మొదటిసారి అబ్బాయి మేనమామ చెరువు చేపే కొల్లేటి చేప కన్నా రుచి అన్నాడు. అలాంటి మాట విని ఊరుకుంటామా? గంటసేపు నచ్చజెప్పాను. వాళ్లు కాఫీ సగంలో వదిలేసి లేచారు. రెండోసారి అబ్బాయి కుర్చీలో ఓ పక్కకి ఒరిగి కూర్చుంటే, "నడుం నొప్పా బాబూ, ఈ వయసులోనే?" అన్నాను. మంచికే అడిగాను! మర్నాడే జాతకాలు కలవలేదని కబురొచ్చింది.

అందుకని ఈసారి శనివారమే రత్నం నా ముందు నిలబడింది.

"మావయ్య గారూ, మీకు దండం పెడతాను. రేపు నోరు మెదపకండి. సుజాత ఆ అబ్బాయి మీద మనసు పెట్టుకుంది."

సుజాత తలుపు దగ్గరే ఉంది. నా వైపు చూసి, "తాతయ్యా" అంది, అంతే. ఆ ఒక్క పిలుపు చాలు నాకు.

"రెండే మాటలు మాట్లాడతా. వచ్చినప్పుడు నమస్కారం, వెళ్లేటప్పుడు వెళ్లి రండి" అని మాటిచ్చాను. ఒక్క షరతు మాత్రం పెట్టాను. చూపులు పై హాల్లోనే జరగాలి. రత్నం కింద గదే నయమంది. "అంత రేకు ఎంచి తెచ్చింది కాకులు చూడటానికా?" అన్నాను. మాటిచ్చినవాడి షరతు కాదనలేక ఒప్పుకుంది.

ఆదివారం మూడింటికి రావాల్సిన వాళ్లు మూడున్నరకి వచ్చారు. మా ఇంటి ముందు నుంచే రెండుసార్లు పోయారట, ఏదో గోడౌన్ అనుకుని. నమస్కారం పెట్టాను. ఒక మాట అయిపోయింది. పైకి తీసుకొచ్చి కూర్చోబెట్టాం. బయట ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది.

సుజాత కాఫీలు ఇచ్చింది. అంతా చక్కగా నడుస్తోంది. నేను పెదవులు బిగించి కూర్చున్నాను. అప్పుడు హెడ్మాస్టరు గారు తల పైకెత్తి చూసి, మామూలుగానే అన్నారు.

"రేకుల కప్పులా ఉందే. ఎండాకాలం ఇబ్బంది ఉండదా అండీ?"

ఇంతమంది ఉండగా నా రేకునే అనాలా! రత్నం నా వైపు తిరిగి కళ్లతోనే దండం పెట్టింది. సుజాత ట్రే చాటున వేలు పెదవుల మీద పెట్టింది. నేను చూశాను. చూసి కూడా, ఏం చెప్పమంటారు, నోరు తెరిచేశాను.

"అసలు రేకంటే ఏమిటో తెలుసా మాస్టారూ..." అన్నాను.

అంతే. వాన దిగింది. చినుకు కాదు, జల్లు కాదు, కృష్ణ గేట్లు ఎత్తినట్టు దిగింది. పద్నాలుగో నంబరు రేకు మోగడం మొదలుపెట్టింది. వంద మంది డప్పులు పట్టుకుని ఒకేసారి నెత్తి మీదికి ఎక్కినట్టు ఉంది. అబ్బాయి తల్లి చెవులు మూసుకుంది. మా వాడు ఏదో అరిచాడు, నోరు కదలడం కనిపించింది, మాట వినపడలేదు.

నేను ఆపానా? ఆపలేదు. ఆటోనగర్ నుంచి మొదలుపెట్టాను. ఐసు పెట్టెలు, రాగి ఉంగరం, పుచ్చిన గుమ్మడికాయ, అన్నీ చెప్పాను. కొల్లేటి చేప రుచి కూడా చెప్పాను. బడిపంతుళ్లకు లోకజ్ఞానం తక్కువని కూడా ఎక్కడో అన్నట్టున్నాను. అబ్బాయి మీసం ఒక వైపు పొడుగుందని కూడా చెప్పాను. హెడ్మాస్టరు గారు నా వైపు చూస్తూ ఎంతో మర్యాదగా తల ఊపుతున్నారు.

రత్నం ముఖం పాలిపోయింది. నా పెదవుల వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా కప్పు వైపు చూసింది. మళ్లీ నా పెదవుల వైపు చూసింది. అప్పుడు ఏం చేసిందో తెలుసా? చీర కొంగు భుజం మీద సర్దుకుని ఆ రేకుకి రెండు చేతులూ జోడించింది!

అప్పటికి నాకూ అర్థమైంది, నా మాట నా చెవికే వినపడటం లేదని. ఇంత చెప్పిందీ వృథాయేనా? గబగబా కిందికి దిగి, నా గదిలో మేకుకి వేలాడే రాత్రి బడి పలక తెచ్చాను. ఫోన్ నంబర్లు రాసుకోవడానికి ఉంచుకున్నాన్లెండి. చెప్పిందంతా రాద్దామనే నా ఉద్దేశం. కానీ నా రాత సంగతి తెలుసు కదా, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాయాలి. ఒక్క వాక్యం పూర్తయ్యేసరికి పలక నిండింది.

'ఈ రేకు నేనే ఎంచాను.'

హెడ్మాస్టరు గారు పలక అందుకున్నారు. చదివారు. బలపం తీసుకుని మూలన కొంచెం చోటుంటే అక్కడ రాశారు.

'తెలుస్తూనే ఉంది.'

అలవాటు కొద్దీ నా వాక్యం పక్కన టిక్కు కూడా పెట్టారు.

ముప్పావు గంటకి వాన వెలిసింది. చీకటి పడేలోగా విజయవాడ చేరాలని వాళ్లు లేచారు. "వెళ్లి రండి" అన్నాను. అది రెండో మాట. ఇచ్చిన మాట తప్పానని నన్ను ఎవరూ అనలేరు! ఒకటి మాత్రం చెప్పాలి. అంత వానలో ఒక్క చుక్క కారలేదు. రేకు ఎంచడంలో నేను తప్పు చేశానంటే ఒప్పుకోను.

సోమవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. మా వాడు స్పీకరు పెట్టాడు. ఇంట్లో అందరం చుట్టూ చేరాం.

"అమ్మాయి మాకు నచ్చిందండీ. ముహూర్తం చూద్దాం. మీ కుటుంబం కూడా బాగా నచ్చింది. మరీ ముఖ్యంగా మీ నాన్నగారు! ఎంత నెమ్మదస్తులండీ! ఇంటికి పెద్దయి ఉండి ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. అడిగినదానికి ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. వాన పడుతున్నంతసేపూ పెదవులు కదుపుతూ జపం చేసుకుంటూనే ఉన్నారు. ఏం మంత్రమండీ అది?"

మా వాడు గొంతు సవరించుకున్నాడు.

"మా చిన్నప్పటి నుంచీ ఒకటే మంత్రమండీ" అన్నాడు.

సుజాత వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ఆ సాయంత్రమే నేను పద్మజ గారికి ఫోన్ చేయించాను. నాకు మొండితనం ఉంది కానీ మరీ అంత లేదు. "ఆ గ్లాస్ ఊలేదో వేసేయండమ్మా" అన్నాను. ఆవిడ చాలా సంతోషించింది. ఈలోగా రత్నం ఫోన్ లాక్కుంది.

"ఇంజనీరు గారూ, పెళ్లయ్యేదాకా ఆ కప్పు జోలికి రాకండి!"

వచ్చే వారం నిశ్చితార్థం మాటలకి వాళ్లు మళ్లీ వస్తున్నారు. రత్నం రోజూ పొద్దున్నే డాబా మీదికెళ్లి మబ్బు కోసం చూస్తోంది. వాన నమ్మకం లేదనుకుందో ఏమో, నిన్న వన్ టౌన్ వెళ్లి నాకొక జపమాల తెచ్చింది. "వాళ్లున్నంతసేపూ ఇది తిప్పుతూ కూర్చోండి మావయ్య గారూ" అంది. చేతిలోకి తీసుకుని, అలవాటు చొప్పున ఉంగరంతో ఒక్కొక్క పూసనీ కొట్టి చూశాను. నూట ఎనిమిదిలో ఒక్కటి కూడా కిమ్మనలేదు.

ఈసారి సరుకు ఎంచింది మా కోడలు మరి!