అనుములు ఉడకని వారం

మొన్న బుధవారం మధ్యాహ్నం స్లో కుక్కర్ మూత తీసి, ఒక్క అనుము గింజను గరిటెతో పైకి తీసి, రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కాను. గింజ నలగలేదు సరికదా, చేతిలోంచి జారి టప్పుమని బండల మీద పడి ఫ్రిజ్ కిందికి దొర్లిపోయింది. ముందురోజు సాయంత్రమే నానబెట్టిన గింజలు. పొద్దున ఆరింటికి పొయ్యి ఎక్కించాను, పొయ్యి అనవచ్చో లేదో గాని. ఎనిమిది గంటలు కావస్తోంది. పుంటికూర మాత్రం ఉడికి ఉడికి, రంగు దిగిన పాత చీరలా అడుగున చుట్టుకుని ఉంది. దాని మీద అనుములు గోళీకాయల్లా మెరుస్తూ నన్నే చూస్తున్నాయి.

"మూత తియ్యొద్దని చెప్పిన గద అత్తమ్మా!" అని లోపలి గదిలోంచి కోడలు కేక వేసింది. తను ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తుంది. కళ్లు కంప్యూటర్ మీద, చెవులు నా వంటింట్లో. "తీసినప్పుడల్లా అర్ధగంట ఎనక్కి పోతదట."

"ముందుకు పోయిందెప్పుడు, ఎనక్కి పోయేటందుకు?" అన్నాను.

గంటల తరబడి సన్నటి వేడి మీద ఉడికించే ఆ కరెంటు యంత్రం కోడలు తెప్పించిందే. దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని తనే చదివి చెప్పింది. గింజలు, ఆకు, ఉప్పు, కారం, నీళ్లు అన్నీ ఒక్కసారే వేసి మూత పెట్టి మర్చిపొమ్మని అందులో ఉందట. నలభై ఏళ్లు వంట చేసిన మనిషికి ఇంతకంటే అవమానం ఏముంటుంది? మర్చిపోవడానికైతే వంటెందుకు? ఈల వేయదు, పొంగదు, మాడదు, వాసన రానివ్వదు. ఎర్ర లైటొకటి వెలిగించుకుని, అలిగిన చుట్టంలా మూలన కూర్చుంటుంది. మాట్లాడని వంటతో నేనెప్పుడూ పడలేను. అయినా ఓర్చుకున్నాను, ఎందుకంటే ఆ కూర నాకోసం కాదు.

మొఘల్‌పురాలో మాకూ పక్కింటికీ మధ్య గోడ ఒక్కటే. గోడ అవతలి పెద్దావిడను నేను పెళ్లై వచ్చిన నాటి నుంచీ ఖాలా అని పిలుస్తున్నాను, అంటే పిన్ని అని. ఇప్పుడు ఎనభై దాటాయి. పోయిన నెల జ్వరం వచ్చింది. జ్వరమైతే పోయింది గాని, పోతూ పోతూ నోటి రుచి పట్టుకుపోయింది. చాయ్‌లో ముంచిన రస్కు ఒకటి, ఒక్కోరోజు అదీ లేదు. ఇంటికి వచ్చి చూసే డాక్టరు, శుక్రవారం దాకా చూస్తాను, అప్పటికీ తినకపోతే దవాఖానాలో చేర్పించి ముక్కులోంచి పైపు వేయాల్సిందే అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఖాలా ముక్కు మీద కొంగు కప్పుకునే పడుకుంటోందని వాళ్ల కోడలు చెప్పింది. సోమవారం పొద్దున ఆ అమ్మాయే గోడ దగ్గరికి వచ్చి, "ఆంటీ, అమ్మీ నోరు తెరిచి ఒకటడిగిన్రు. మీరు చేసే గింజల భాజీ గావాల్నట," అంది.

నేను చేసేదా? నేను తెల్లబోయాను. ఆ కూర నేను ఏనాడూ చేయలేదు. అది ఖాలా కూర. మా ఇంట్లో దాని పేరే ఖాలా కూర. కానీ వారం రోజులుగా ముద్ద ముట్టని మనిషి అడిగితే, నాది కాదు నీదని వాదన పెట్టుకుంటామా? చేస్తానని చెప్పి పంపేశాను. అప్పుడే అడిగి ఉంటే నాలుగు రోజుల లొల్లి తప్పేది.

సోమవారం మామూలు కుక్కర్‌లో పెట్టాను. ఆరు ఈలలకు తొక్కలు ఒక దిక్కు, పప్పు ఒక దిక్కు అయి ముద్దయింది. గిన్నెలో తీసుకుపోతే ఖాలా నాలుక కొసన అంటించుకుని, "ఇది పప్పు బేటీ. నేను భాజీ అడిగిన," అని గోడవైపు తిరిగింది. ఆమె కట్టుడు పళ్లు పెట్టుకోవడం మానేసింది. గింజ గింజలాగే ఉండాలి, నాలుక మీద మాత్రం వెన్నలా కరగాలి. అందుకని మంగళవారం నా పంతం పక్కన పెట్టి కోడలి యంత్రం దించాను. సాయంత్రానికి గింజలు రాళ్లు. బోరు నీళ్ల మహిమ అనుకున్నాను. మా గల్లీలో బోరు నీళ్లతో ఏ పప్పూ సరిగా ఉడకదు, గిన్నెలకు తెల్లగా సున్నం పట్టడమే మిగులుతుంది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. పట్టి ఉంచిన నల్లా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లతోనే బుధవారం మళ్లీ వేశాను. ఆ సంబరమే ఫ్రిజ్ కిందికి దొర్లింది.

అసలు ఆ కూర పుట్టుక కుంపటి మీద. ఖాలా అప్పట్లో లాడ్ బజార్ దుకాణాలకు ఇంట్లోనే లక్క గాజులు చేసేది. వాకిట్లో చింకిచాప, ముందు బొగ్గుల కుంపటి, పక్కన రంగురంగుల లక్క కడ్డీలు, పళ్లెంలో జొన్నగింజలంత అద్దాలు. లక్కకు పెద్ద మంట పనికిరాదు, కారిపోతుంది. మంట తగ్గితే బిగుసుకుపోతుంది. అందుకని బొగ్గుల మీద బూడిద కప్పి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేడిని ఒక్క తీరుగా ఉంచేది. ఆ కుంపటి వారకు, వేడి వృథా పోవద్దని, నల్లటి మట్టికుండ ఒకటి ఆనించి ఉండేది. అందులో రెండు పిడికిళ్ల అనుములు. కరిగిన లక్క వాసనా గింజల వాసనా కలిసి, గుడిలో సాంబ్రాణి వేసి పక్కనే ప్రసాదం వండుతున్నట్టు ఉండేది. ఆమె నోటితో ఊదదు, కుండను కదపదు, కళ్లన్నీ గాజు మీదే. గాజు గుండ్రంగా తిరుగుతుంటే అద్దాలు ఒక్కొక్కటే అతికించేది. ఒక్కటి వంకర పోయినా మొత్తం కరిగించి మళ్లీ మొదలుపెట్టేది. నేను కూర సంగతి చెబుతూ గాజుల్లో పడ్డాను. ఆ వాకిట్లో కూర్చుంటే ఎవరికైనా అంతే.

ఆకు నా వంతు. మా అత్త పెరటి మూలన పుంటికూర వేసింది. అంటే గోంగూర. ఖాలా దాన్ని అంబాడా అంటుంది. ఒడినిండా కోసుకుని, పక్కింటికి పోయి, కుండలో వేసి, కాసేపాగి ఎండుమిర్చి వెల్లుల్లి పోపు పెట్టి, రెండు గిన్నెలకు సమంగా పంచేదాన్ని. ఒకటి వాళ్లకు, ఒకటి మాకు. జొన్నరొట్టెతో తింటే ఆ పూట ఇంకేమీ అక్కర్లేదు. వానాకాలం వాకిలి తడిసి, మనసు కూడా తడిసిపోయినట్టుండే రోజుల్లో ఆ వేడి గిన్నెను ఒళ్లో పెట్టుకునే తినేదాన్ని. కానీ ఆ పక్కింటికి పోవడమే ఒక యుద్ధం. పొద్దున్నే గోడ అవతలి నుంచి గింజల వాసన వస్తుండేది, నా కాలు నిలిచేది కాదు. మా ఆయన అప్పటికే డబ్బా కట్టుకుని కంచన్‌బాగ్ కార్ఖానాకు పోయేవాడు. ఇక నేను, అత్త. "ఎటు? ఈ ఇంట్ల పొయ్యి ఆరలే ఇంకా," అనేది. పొయ్యి ఆరితే మామకు అన్నం. మామ తింటే అత్తకు అన్నం. ఆమె తింటే గిన్నెలు, గిన్నెలైతే బండలు తుడవడం. అన్నీ అయ్యాక, చెరిగిన ధనియాలే మళ్లీ చేటలో పోసి, "ఇగో, గిండ్ల పుల్లలున్నయ్," అనేది. పుల్లలు ఉండేవి కావు. చేటెడు ధనియాలు మళ్లీ చెరిగి, ఆమె కునుకు తీశాక, ఆకు ఒడిలో వేసుకుని ఉరికేదాన్ని. ఆ గంటలన్నీ నా వయసులోంచి కోసేసినట్టు ఉండేది నాకు. కళ్లలో నీళ్లు పెట్టుకుని ధనియాలు చెరిగిన కోడళ్లు ఇంకెవరన్నా ఉన్నారో లేదో నాకు తెలియదు.

గురువారం ఇక నావల్ల కాక, వట్టి చేతులతో ఖాలా మంచం దగ్గరికి పోయాను. ఆ మనిషి అడిగిన వంట ఎట్లా చేయాలో ఆ మనిషినే అడగడం సిగ్గుగానే ఉంది.

"ఖాలా, గింజలు ఉడుకుతలేవు. నువ్వెట్ల చేస్తుంటివో జెర్ర చెప్పు."

ముక్కు మీది కొంగు తీసి చూసింది. "నేనా? నేనెప్పుడు చేసిన? నువ్వు గదా చేస్తుంటివి!"

"నేనేం చేసిన? కుండ నీది, కుంపటి నీది, గింజలు నీవి."

"పెట్టుడూ చేసుడూ ఒకటేనా బేటీ? పొద్దుగాల కుండ పెట్టి నేను గాజుల కాడ కూసుంటుంటి. దాని దిక్కు చూస్తే నా లక్క కారిపోతుండె. నువ్వొచ్చి ఆకేసి, పోపు పెట్టి, 'ఖాలా, అయింది' అంటుంటివి. అయిందన్నోళ్లే చేసినోళ్లు."

"మా ఇంట్ల ఇన్నేండ్లు అది ఖాలా కూర!"

"మా ఇంట్ల పడోసన్ భాజీ. పక్కింటామెది అని పిల్లలందరికీ చెప్పిన. పూచ్ లే, కావాల్నంటే అడుగు."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఖాలా కోడలు నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుంది. "అంటే ఇద్దరికీ రాదా?"

నాకు నవ్వు రాలేదు. నాలుగు రోజులు పోయాయి, రేపు సాయంత్రం డాక్టరు వస్తాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ, బస్సు దాటిపోయిన స్టాపులో కూర్చున్నట్టు కూర్చున్నాం. చివరికి ఖాలాయే దెప్పింది.

"నీకు రాకపోతే రాకపాయె. జల్దీ అన్నా రాకపోతుంటివి గదా. నా నమాజ్ అయిపోతుండె, కడుపుల ఎలుకలు ఉరుకుతుండె, నీ జాడే ఉండకపోతుండె."

"మా అత్త ఇడిస్తే గదా నేనొచ్చేది!"

"మీ అత్త..." అని ఒక తిట్టు మొదలుపెట్టి, పోయిన మనిషని గుర్తొచ్చి చెంపలు వేసుకుంది. "రోజూ గోడ దిక్కు చూసి ఆమెను అనుకుంటుంటి. గింజలేమో మెత్తగయ్యి కూసున్నయ్, ఆకేమో లేదు."

"ఆగు ఖాలా. గింజలు ముందే మెత్తగైతుండెనా? ఆకు వెయ్యకముందే?"

"మరి? వేలు పెడితే దిగబడుతుండె."

నా నెత్తి నేనే కొట్టుకున్నాను. పప్పు ఉడకకముందు చింతపండు వేయకూడదని నాకు పదేళ్లప్పుడే తెలుసు. పులుపు తగిలితే గింజ మొండికేస్తుంది, ఇక దాన్ని బతిమాలినా లొంగదు. మామూలు కుక్కర్‌లో అన్నీ కలిపి వేసినా ఈలల దెబ్బకు ఆ మొండితనం సాగదు. మెల్లటి వేడి మీద మాత్రం సాగుతుంది. పుంటికూర అంటేనే పులుపు. పుస్తకం చెప్పిందని, పుంటికూరనూ అనుములనూ పొద్దున ఆరింటికే కలిపి కూర్చోబెట్టాను. ఆ కూరలో ఆకు ఎప్పుడు వేయాలో నేను ఒక్కసారీ ఆలోచించలేదు. ఆలోచించే అవసరం నాకు రాలేదు. నన్ను ఎప్పుడు వదిలితే అదే వేళ.

శుక్రవారం ఆరింటికి వట్టి అనుములు, నల్లా నీళ్లు. పదింటికి కోడలు తొంగిచూసి, "ఆకు ఎప్పుడేస్తరు అత్తమ్మా?" అంది.

"మా అత్త అన్నం తిన్నంక."

గోడ మీది మా అత్త పటం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి మళ్లీ కంప్యూటర్ ముందుకు పోయింది. నేను పొయ్యి తుడిచాను. గిన్నెలు కడిగాను, కడిగినవే ఇంకోసారి. బండలు తుడిచాను. ఒంటిగంట దాటింది. తోచక ధనియాల డబ్బా తీసి చేటలో పోసుకుని కూర్చున్నాను. పుల్లలు లేవు. మా అత్త కునుకు తీసే వేళ అయిందనిపించాక లేచి మూత తీశాను. గింజ గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉంది. వేళ్ల మధ్య పెట్టి నొక్కాను. వెన్నలా దిగిపోయింది. అప్పుడు ఆకు వేశాను, ఉప్పు వేశాను, కాసేపాగి పోపు పెట్టాను. అప్పటిదాకా మూగగా ఉన్న యంత్రం పక్కన ఇల్లంతా ఒక్కసారిగా ఘుమ్మంది.

ఖాలా మొదటి చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. "ఉప్పు తక్కువుంది," అంది. "పొగ లేదు. లక్క వాసన లేదు." అని, గిన్నె నా చేతిలోంచి లాక్కుని తనే తినడం మొదలుపెట్టింది. సగం అయ్యాక ఆగి, "మీ అత్త చెయ్యి మంచిదే," అంది, నవ్వకుండా. సాయంత్రం డాక్టరు వచ్చేసరికి ఖాళీ గిన్నె మంచం పక్కనే ఉంది. కడగనివ్వలేదు, ఆయనకు చూపించాలని. పైపు మాట ఎత్తకుండా, బీపీ చూసి వెళ్లిపోయాడు.

దీనివల్ల మా అత్త మీద నాకు కోపం పోయిందా అంటే, పోలేదు. ఆమె నాకు కూర నేర్పాలని ధనియాలు చెరిగించలేదు, ఏడిపించాలనే చెరిగించింది. ఇప్పటికీ చేట ముట్టుకుంటే చేయి బరువెక్కుతుంది. కాకపోతే, మా గడప ఇవతల నా పాలిట ఎందుకూ కాకుండా పోయాయనుకున్న గంటలు గోడ అవతల కుంపటి వారన ఉడుకుతూనే ఉన్నాయని తెలుసుకోవడానికి నాకు ఒక వయసంతా పట్టింది.