మార్టిన్ గారి నోట్‌బుక్‌లో రెండో గుర్తు

నిన్న పొద్దున ఆఫీస్ కాల్‌లో ఉండగా ఎదురింటి మార్టిన్ గారి అమ్మాయి మెసేజ్ పెట్టింది. "నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు" అని.

రెండుసార్లు చదివాను. కెమెరా ఆఫ్ చేసి ఏడ్చేశాను.

ఆదివారమే కదా మా బ్యాక్‌యార్డ్‌లో కూర్చుని, అల్లం పచ్చడి అడిగి మరీ వేయించుకున్నారు!

శాంటా క్లారాలో ఇన్నేళ్లున్నా ఆయన మనసంతా ఐర్లండ్‌లోనే. సముద్రం ఒడ్డున చేపలు పట్టే చిన్న ఊరు. ఏ పడవ ఎవరిది, ఏ తుఫానులో ఎవరు పోయారు, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాస్తూ వచ్చారు.

సముద్రంలో చోటు ఎలా గుర్తుపడతారని అడిగాను.

పడవలోంచి చూస్తే చర్చి శిఖరం సరిగ్గా పెద్ద మేడ పొగగొట్టం వెనక్కి రావాలి. అదొక గీత. కొండ కొస దీవిని తాకినట్టు కనిపించాలి. అది రెండోది. రెండూ కలిసిన చోట వల వేయాలట.

నవ్వొచ్చింది. భీమిలి దగ్గర మా నాన్న కూడా కొండనీ లైట్‌హౌస్‌నీ చూసుకునే వల వేసేవాడు! ఆ మాట చెప్పాక ఆయన నన్ను వదిలితే ఒట్టు. నోట్‌బుక్ టైపింగ్ డ్యూటీ నాకే పడింది.

నేనేమో తెలివి చూపించి, అన్ని చోట్లకీ మ్యాప్‌లో పిన్స్ పెట్టాను. కళ్లజోడు సర్దుకుని చూసి, "బాగుంది. మరి చర్చి ఏదీ?" అన్నారు. గుర్తులతో సహా మొత్తం మళ్లీ చేయించారు. మొండిఘటం!

ఆఖరి పేజీ వాళ్ల అన్నయ్య పడవ మునిగిన చోటు. మనిషి దొరకలేదు. సమాధీ లేదు.

అక్కడ ఒక్క గుర్తే రాశారు, ఆ చర్చీ పొగగొట్టమూ. రెండోది స్కూల్ పైకప్పా, పాత టవరా అని డౌట్. ఆ రోజు వెతకడానికి వెళ్లిన ఫ్రెండ్ ఒకాయన ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారు. ఎనభై దాటాయి. ఫోన్ చేస్తే, "పడవెక్కితే చూపిస్తా, కుర్చీలోంచి చెప్పలేను" అన్నారట.

"సమ్మర్‌లో వెళ్దాం, నువ్వూ రా" అని పోయినేడు మార్టిన్ గారు అడిగారు. మళ్లీ అమెరికా రావడానికి వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనన్న భయంతో నెక్స్ట్ ఇయర్ చూద్దామన్నాను.

నా కోసమే ఆగారు. తల్చుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

సరే, ఏడ్చింది చాలు. ఇవాళ పొద్దున్నే వాళ్ల అమ్మాయిని అడిగి నోట్‌బుక్ తెచ్చుకున్నాను. లీవ్ అప్లై చేశాను. ఐర్లండ్ వీసా ఫారం నింపుతున్నాను. స్టాంపింగ్ గొడవ తర్వాత చూసుకుంటా.

ఆ పెద్దాయన్ని ఎత్తుకెళ్లయినా సరే పడవెక్కిస్తా. చర్చిని పొగగొట్టం వెనక పెట్టుకుని, ఆయన ఆపమనేదాకా వెళ్తాం. అక్కడ రెండో గుర్తు కళ్లారా చూసి, ఆ నోట్‌బుక్‌లోనే రాస్తాను.

మార్టిన్ గారూ, మీరు ఈపాటికి మీ అన్నయ్య దగ్గరికి చేరుకునే ఉంటారు. మిగతావాళ్లకి దారి నేను రాసిపెడతాను.

నిశ్చింతగా పడుకోండి.