దీనమ్మ చెయ్యి వదిలిన రోజు

నవ్వితే నవ్వండి గానీ, మొత్తం విన్నాక నవ్వండి. మొన్న బుధవారం నేను నా పెళ్లాం దీనమ్మని కొండ అంచున వదిలేసి పరిగెత్తాను! మాచర్ల నాపరాయి క్వారీల్లో ఇప్పుడు ఎక్కడ విన్నా ఇదే మాట.

మా ఓనరుగారింటికి కొత్తగా టీవీ వచ్చింది. అందులో ఏదో దేశం చూపించారంట. అడవి లోయ నిండా మబ్బులు, వాటి మధ్య మనుషులు నడుస్తున్నారంట. దీనమ్మ కిటికీలోంచి చూసొచ్చింది.

"వానాకాలం మన నల్లమలలో గూడా మబ్బు లోయలోకి దిగుద్దంట గదా, ఒక్కసారి చూపీయవా?" అంది.

పెళ్లయి ఎనిమిదేళ్లు. చీర అడగలేదు, సినిమా అడగలేదు. కాదని ఎట్లా అంటాను?

వానలకి క్వారీ గోతుల్లో నీళ్లు నిండి పని ఆగింది. మా మేస్త్రి కొండయ్య మామ, మేం నలుగురు కూలీలం, దీనమ్మ, రాళ్ల లారీ ఎక్కి వెల్దుర్తి దాటి అడవి దగ్గర దిగాం. అక్కడ అంకన్న అని చెంచు పెద్దాయన, ఒకప్పుడు ఫారెస్టు వాచరు, దారి చూపిస్తానన్నాడు. మెడలో విజిల్.

"దారి లోయ పక్కనే. మబ్బు కమ్మితే మనిషికి మనిషి కనపడడు. నేను విజిల్ వేస్తా, అది వినపడే దిక్కుకి రండి" అని రెండుసార్లు చెప్పాడు. బుద్ధిగా తలలూపాం.

రెండు గంటలు నడిచాం. వెదుళ్లు, తీగలు, నాచు పట్టిన బండలు. దీనమ్మ నా చెయ్యి పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది. అంతలో దిగింది మబ్బు! ముందు నడిచే అంకన్న మాయం. పక్కనున్న దీనమ్మ మొహం కూడా మసకైపోయింది. చెయ్యి మాత్రం చేతిలో ఉంది.

అంకన్న విజిల్ వేశాడు. పీ! పీ! పీ!

మీరు క్వారీ ఎరగరు కాబట్టి చెబుతా. మాకు మూడు పొట్టి విజిళ్లంటే బండ పేల్చే తూటాకి నిప్పంటించారని. పరిగెత్తి బండ చాటున బోర్లా పడుకోవాలి. పొడుగు విజిల్ పడేదాకా తల ఎత్తకూడదు. పోయిన నెల మా సోమయ్య ముందే ఎత్తాడు. రాయి ఎగిరొచ్చి తగిలి అక్కడికక్కడే పోయాడు. అతన్ని లారీలోకి ఎక్కించింది మేమే.

అడవిలో తూటా ఎక్కడిది? ఆ సంగతి బుర్రకి తట్టేలోపే కాళ్లు లేచాయి. "పడుకోండిరోయ్!" అని మామ కేక. అయిదుగురం అయిదు దిక్కులకి! నేను ఒక బండ వెనక బురదలో, చెవులు మూసుకుని. మేం రావట్లేదని అంకన్న పాపం మళ్లీ వేశాడు. పీ పీ పీ! ఓరి దేవుడో, ఇంకో తూటా! ఇంకా దూరం పాకాను. పొడుగు విజిల్ ఏదీ? రాదే!

పాకుతూ పాకుతూ చెయ్యి చాస్తే కింద నేల లేదు. లోయ! అప్పుడు గుర్తొచ్చింది నాకు, దీనమ్మ. చెయ్యి ఎప్పుడు వదిలానో నాకే తెలవదు.

"దీనమ్మా!" అని అరిచాను. జవాబు లేదు. కింద ఎక్కడో నీళ్ల చప్పుడు. మళ్లీ మళ్లీ అరిచాను. పలకలేదు. ఏడ్చాను, దాచేదేముంది. ఇల్లు గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను.

కాసేపటికి మబ్బు పలచబడింది. ఇరవై అడుగుల అవతల, లోయ చీలికకి ఆ ఒడ్డున, అంకన్న పక్కన దీనమ్మ కూచుని ఉంది. చెప్పిన మాట విని విజిల్ దగ్గరికి తిన్నగా నడిచింది ఆమె ఒక్కతే! చుట్టూ తిరిగి పోయి, ముందు కోప్పడ్డాను.

"పిలిస్తే పలకవేందే?"

"పలికితే నా మీదికి ఉరికొస్తావు. మధ్యలో లోయుందని ఈ పెద్దాయన చెప్పాడు. అందుకని నోట్లో కొంగు కుక్కుకున్నా" అంది. కొంగు తడిసిపోయి ఉంది.

మిగతా నలుగురూ బురద కొట్టుకుని పొదల్లోంచి వచ్చారు. సంగతేందో మామ చెప్పాడు. అంకన్న నవ్వలేదు. విజిల్ తీసి జేబులో పెట్టుకుని, తిరుగుదారంతా నోటితో కూతలేస్తూ నడిపించాడు.

ఇంటికొచ్చాక అన్నం పెడుతూ దీనమ్మ అడిగింది. "నీకేమన్నా అయ్యుంటదని చచ్చేంత భయపడ్డా. విజిల్ పడ్డప్పుడు నువ్వు ఎవరి కోసం భయపడ్డావు?"

నిజం చెబితే సిగ్గు. అబద్ధం చెబితే ఆమె నమ్మదు.

"పప్పులో ఉప్పు చానా బాగా కుదిరిందే" అన్నాను.