లూకాస్ కోసం ప్రార్థన

మా తాత సాలమన్ బేగంపేటలో ఒక కంపెనీ కారు ముప్పై ఏళ్లు నడిపాడు. స్పీడు నలభై దాటితే ఇంజనుకు జ్వరం వస్తుందని ఆయన నమ్మకం. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద సైకిళ్లు ఆయన్ని దాటిపోయేవని నాయనమ్మ అమృతమ్మ ఇప్పటికీ చెబుతుంది. అలాంటి మనిషికి మోటారు రేసుల పిచ్చి ఎలా పట్టిందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ పిచ్చిలో తోడు ఖుద్దూస్ భాయ్. పంజాగుట్టలో కారు సీటు కవర్ల దుకాణం ఆయనది. రేసున్న ఆదివారం అమీర్‌పేటలోని మా ఇంటికొచ్చి తాత పక్కన కూర్చుంటాడు. ఇద్దరి హీరో ఒక్కడే, లూకాస్ వెర్నర్. టీవీలో లూకాస్ మలుపు తిరిగితే తాత కూర్చున్నచోటే కుడికాలితో బ్రేకు తొక్కుతాడు. తొక్కీ తొక్కీ టీపాయ్ కాలు విరగ్గొట్టాడు.

మొన్నామధ్య లూకాస్ ఆఖరి రేసు ముగించి, ఇక నడపనని చెప్పేశాడు.

"ఐదు కప్పులు, సాలమన్ భాయ్!" అన్నాడు ఖుద్దూస్ భాయ్, కళ్లు తుడుచుకుంటూ. "గా వాన రేసు యాదుందా? అందరు జారి పడుతుంటే గీయన ఒక్కడే ఇస్త్రీపెట్టె లెక్క పోయిండు."

"గోడకు గుద్దుకున్నది సుత యాదుంది," అన్నాడు తాత.

"రెండేండ్ల కిందనే ఆపాల్సింది. ఆఖర్ల మస్తు వెనకపడ్డడు," అని నిట్టూర్చాడు ఖుద్దూస్ భాయ్.

"వెనకపడితే ఏంది భాయ్, పాణంతోని ఉన్నడు."

తాత ఏడుస్తాడనుకున్నాను. ఆయనేమో దించుకోలేని మూట ఎవరో అందుకున్నట్టు సోఫాలో వాలిపోయాడు. ఆ ఆనందంలోనే, మరుసటి ఆదివారం చర్చి బయట పాస్టరు గారితో "అయ్యగారూ, మా లూకాస్ బండి నడుపుడు బందు పెట్టిండు" అనేశాడు.

పాస్టరు గారిది ఒంగోలు. "దేవునికి స్తోత్రం! బుధవారం ప్రార్థన కూడిక మీ ఇంట్లోనే పెడదామండీ. బాబుని కూడా చూస్తాం," అన్నారు.

తాత ముఖం తెల్లబోయింది.

అసలు సంగతేమిటంటే, ఎనిమిదేళ్ల క్రితం లూకాస్ కారు గోడకు గుద్దుకుని మంటలు లేచాయి. ఆ బుధవారం కూడికలో ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పమంటే తాత లేచి, "లూకాస్ అనే బిడ్డ, విదేశంల బండి నడుపుతడు, ఆపద రావొద్దు" అన్నాడు. ఒక్క మాటా అబద్ధం కాదు. కానీ మా సంఘంలో విదేశంలో బండి అంటే గల్ఫే. లూకాస్ అనే పేరు మా క్రైస్తవుల్లోనూ ఉంది కాబట్టి, మా చుట్టాలబ్బాయే అనుకున్నారు. రాహేలమ్మ కొడుకు గిడియన్ కువైట్‌లో ఒక షేకు ఇంట్లో డ్రైవరు. ఆమె తాత చేయి పట్టుకుని "ఇద్దరు మన బిడ్డలే అన్నా" అని ఏడ్చింది. ఆ తర్వాత ఏ నోటితో చెబుతాడు? అప్పటినుంచి ప్రతి బుధవారం ఆమె గిడియన్ కోసమూ లూకాస్ కోసమూ మోకాళ్లూని ప్రార్థిస్తోంది.

"ఖుద్దూస్ తాత మనవడు ఫహాద్‌ని లూకాస్ అని కూర్చోబెడదామా?" అన్నాను. తాత చెప్పు తీశాడు.

"ముడి ఏసింది నువ్వే, ఇప్పేది నువ్వే," అంది నాయనమ్మ, బిర్యానీకి ఉల్లిపాయలు కోస్తూ. "నన్నైతే అడగకు."

బుధవారం అందరికంటే ముందు రాహేలమ్మే వచ్చింది, డబ్బా నిండా గులాబ్ జామూన్లతో. "బిడ్డేడన్నా?" అని గదులన్నీ వెతికింది. తాత నీళ్లు తాగడానికి నాలుగుసార్లు వంటింట్లోకి వెళ్లాడు. ఖుద్దూస్ భాయ్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, తనకేమీ తెలియనట్టు ఫ్యాను చూస్తూ కూర్చున్నాడు.

పాట అయిపోయింది. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నారు. తాత లేచాడు. పాస్టరు గారి వైపు చూడలేదు, రాహేలమ్మనే చూశాడు.

"చెల్లె, లూకాస్ మా బిడ్డ కాడు. టీవీల రేసులు నడిపేటోడు. ఆయన బండి మంటల్ల కాలుతుంటే చూసి ఆనాడు ప్రార్థన అడిగిన. ఏ దేశమోడో. నేను ఆయన్ను ఎన్నడు కలువలే. ఆయనకు నేనెవరో తెల్వది."

ఎవరో దగ్గబోయి మానుకున్నారు.

రాహేలమ్మ జామూన్ల డబ్బా తన వైపు లాక్కుంది. "అయితే గిన్నేండ్లు నా కొడుకు పక్కన ఎవ్వరో తెల్లోని కోసం దేవుణ్ని అడిగిననా?" అంది.

"అడిగినవ్ చెల్లె. తప్పు నాదే."

"గా మంటలకెళ్లి బయటపడ్డడా?"

"నడుసుకుంటొచ్చిండు."

"పెండ్లాం పిల్లలున్నరా?"

"ఇద్దరు ఆడపిల్లలు."

"ఇప్పుడు ఇంట్లనే ఉంటడా?"

"ఇంట్లనే."

రాహేలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంకేంది మరి, ఇల్లు చేరిండు. నావోడు చేరాలె. గింతకాలం నీ లూకాస్‌కు పెట్టిన టైమంత ఇగ నా గిడియన్‌కు పెట్టన్నా. ఇప్పుడే మొదలువెట్టు."

గుమ్మం దగ్గర ఖుద్దూస్ భాయ్ "ఆమీన్" అన్నాడు, అందరికంటే ముందే.

తాత మోకాళ్ల మీద కూలబడ్డాడు. గిడియన్ కోసం, వాడి షేకు కోసం, షేకు కారు టైర్ల కోసం, కువైట్ రోడ్ల మీది ప్రతి మలుపు కోసం పేరుపేరునా అడిగాడు. బిర్యానీ చల్లారిపోయింది. నాయనమ్మ లేచి వెళ్లి మళ్లీ పొయ్యి వెలిగించింది.