మామ నీళ్ళు పట్టిన సజ్జా

మంగళవారం ఉదయం ఏడుంపావుకు పిక్కిలిలో మా మేనమామ చనిపోయాడు. తాపీమేస్త్రీ. తన ఇంటి కిటికీ మీద తానే వేసిన సజ్జాకు పైపుతో నీళ్ళు పడుతుండగా, దాని అంచు విరిగి తలమీద పడింది. అత్త వచ్చి ఆపేదాకా పైపు పారుతూనే ఉంది.

కొత్త కాంక్రీటుకు అందరూ నీళ్ళు పడతారు. మామ పాతదానికీ పట్టేవాడు. కొన్నేళ్ళకు ఆ సజ్జామీద సాలెగూడులా చీలికలు వచ్చాయి, వాటిలోంచి తెల్లటి జిగురు కారింది. “పగిలిందంటే దానికి దప్పికైనట్టే” అనేవాడు. గోనెసంచులు కప్పి రెండు పూటలా తడిపేవాడు.

కిందటి వేసవిలో ఒక ఇంజనీరును అడిగి వచ్చి మామకు చెప్పాను. కొన్ని రకాల కంకర సిమెంటులోని క్షారంతో కలిసి ఆ జిగురును పుట్టిస్తుంది. అది తేమ పీల్చి ఉబ్బి, కాంక్రీటును లోపలినుంచి చీలుస్తుంది. చీలికల్లోంచి నీరు కడ్డీలకు చేరి తుప్పు పట్టిస్తుంది. ఆరనిస్తే నెమ్మదిస్తుంది.

“రాయి ఉబ్బుతుందారా పేపరోడా? మీ అత్త మాదిరి?”

“నా జోలికి రావద్దు. ముందు ఆ పైపు కట్టెయ్” అంది అత్త.

ఆయన కట్టెయ్యలేదు. నేను రెండోసారి చెప్పలేదు.

మామ ఎవరి గోడనైనా సుత్తితో తట్టి, చెవి ఆనించి విన్నాకే మాట్లాడేవాడు. “తట్టి చెప్పు, అనుకొని చెప్పొద్దు.” విలేకరిగా నా బతుకంతా ఆ మాటే తిండి పెట్టింది. తన సజ్జాను మాత్రం ఆయన తట్టలేదు.

దానికి వాడిన లారీ కంకరతోనే ఏరియూరులో తన కూతురి ఇంటి వాకిలి మీదా సజ్జా వేశాడు. గురువారం వెళ్ళాను. సజ్జా తడిగా ఉంది.

“ఒక్క దినం కూడా మానొద్దని నాయన చెప్పినాడు బావా” అంది.

మామ సుత్తితోనే తట్టాను. బోలుగా మోగింది. కొట్టేయాలన్నాను.

“నిన్ననే ఆయన్ను కాల్చి వచ్చినాము. ఆయన చేతిపనిని కూడా లేకుండా చేస్తావా?”

“ఉంచితే నీ తలమీద పడుతుంది.”

ఆమె వెళ్ళి కుళాయి కట్టేసింది. గోనెసంచులు తీసి ఎండలో పరిచింది.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి, మామ దగ్గర పని నేర్చిన ఇద్దరు వచ్చి ఆ సజ్జా పగలగొడతారు. సుత్తి అక్కడే ఉంచి వచ్చాను. అందాకా ఇంట్లోకి వెనక తలుపే దారి.